నేల విడిచి సాము చేయలేం

ఖరగ్‌పుర్‌లోని ఓల్డ్ సెటిల్‌మెంట్ ఉన్నది బెంగాల్ గడ్డ మీదే అయినా, ఆ రైల్వే క్వార్టర్ల మధ్య తెలుగు మాట వినపడటం వింత కాదు. బెంగాల్-నాగ్‌పుర్ రైల్వే రోజుల్లో పనుల కోసం శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లిన కుటుంబాలు తరాలుగా ఆ పట్టణంలో పాతుకుపోయాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార గుర్తింపు ఇచ్చిందంటే ఖరగ్‌పుర్ తెలుగువారి సంఖ్యాబలమే అందుకు ప్రధాన కారణం. ఆ పట్టణానికి మరో ప్రత్యేకత ఉంది. లోహాన్ని కోసి, మలిచి, బిగించే శతాబ్దం నాటి రైల్వే వర్క్‌షాపు, వైమానిక ఇంజినీరింగ్ బోధించే ఐఐటీ, యుద్ధ విమానాలు ఎగిరే కలైకుండ వైమానిక స్థావరం... మూడూ ఆ ఒక్క ఊరి చుట్టుపక్కలే ఉన్నాయి.

ఆ క్వార్టర్లలో పెరిగిన ఒక కుర్రవాడు రెండు కిలోల బరువుండే రేడియో నియంత్రిత విమానాన్ని స్వయంగా తయారు చేశాడనుకుందాం. ఖరగ్‌పుర్ సముద్రమట్టానికి సుమారు 30 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడి చిక్కటి గాలిలో ఆ విమానం చక్కగా లేస్తుంది, చెప్పినట్టు తిరుగుతుంది, మెత్తగా దిగుతుంది. అదే విమానాన్ని లద్దాఖ్‌లోని దౌలత్ బేగ్ ఓల్డీకి తీసుకెళ్తే? అక్కడి ఎయిర్‌స్ట్రిప్ ఎత్తు 16,614 అడుగులు, అంటే అయిదు వేల మీటర్ల పైమాటే. ఆ విమానం అక్కడ ఎగురుతుందా, లేదా అన్నది ఒక కుర్రవాడి సరదాకు సంబంధించిన ప్రశ్నలా కనిపిస్తుంది. నిజానికి అది దేశ భద్రతకు సంబంధించిన ప్రశ్న.

కొండ అవతల ఏముంది?

1984 ఏప్రిల్ 13న ఆపరేషన్ మేఘదూత్ మొదలైన నాటి నుంచి సియాచిన్ మంచు మీద మన సైనికులు కాపలా కాస్తున్నారు. అక్కడి కొన్ని శిబిరాలు ఆరు వేల మీటర్లు దాటిన ఎత్తులో ఉన్నాయి. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో 20 మంది వీరులను కోల్పోయాక తూర్పు లద్దాఖ్‌లోనూ వేల మంది సైనికులు ఏడాది పొడవునా కొండలెక్కి కూర్చోవలసి వచ్చింది. ఆ కొండల మీద అన్నింటికంటే విలువైనది సమాచారం. పక్క గట్టు అవతల కొత్తగా గుడారాలు వెలిశాయా, రోడ్డు పడుతోందా అని తెలుసుకోవడానికి గస్తీ దళం గంటల తరబడి నడవాలి. ప్రాణవాయువు చాలని చోట ఒక్కో అడుగూ భారమే. అదే పని పది నిమిషాల్లో చేసి రాగల చిన్న విమానం దళం చేతిలో ఉంటే, ఆ మేరకు ప్రాణాలు దక్కుతాయి.

మైదాన ప్రాంతాల్లో డ్రోన్ల యుద్ధం ఎలా ఉంటుందో 2025 మేలో ఆపరేషన్ సిందూర్ సమయంలో దేశమంతా చూసింది. పాకిస్థాన్ ఒకే రాత్రి 36 చోట్ల 300 నుంచి 400 డ్రోన్లను ప్రయోగించిందని మన ప్రభుత్వమే ప్రకటించింది. వాటిని మన గగనతల రక్షణ వ్యవస్థ నిలువరించింది. ఉత్తరాన హిమాలయాల్లో కథ వేరు. అక్కడ శత్రువుతోనే కాదు, గాలితోనూ పోరాడాలి.

పెద్ద విమానాలు కొనలేదా అని అడగవచ్చు. కొన్నాం. 2024 అక్టోబరు 15న అమెరికా నుంచి 31 ఎంక్యూ-9బీ మానవ రహిత విమానాల కొనుగోలుకు ఒప్పందం కుదిరింది. 40 వేల అడుగుల ఎత్తున గంటల తరబడి ఎగిరే ఆ విమానాలు సముద్రాన్ని, సుదూర సరిహద్దును చూడటానికి పనికొస్తాయి. ఆ ఒప్పందం విలువ సుమారు 32 వేల కోట్ల రూపాయలు. ఒక్కో గట్టు మీద పదిమందితో కాపలా కాసే హవల్దారు చేతికి అలాంటిది ఇవ్వలేం. అతడికి కావలసింది వీపున మోసుకెళ్లగలిగేది, పోయినా మర్నాడు మరొకటి అందేది. అలాంటి విమానాన్ని ఏ దేశమూ మన కొండలకు కొలత తీసి కుట్టి ఇవ్వదు. మనమే తయారు చేసుకోవాలి.

పలుచని గాలి లెక్క

ఎత్తుకు వెళ్లే కొద్దీ గాలి పలచబడుతుందని బడిపిల్లలకూ తెలుసు. ఎంత పలచబడుతుంది, దానివల్ల ఏం జరుగుతుంది అన్నదే రూపశిల్పి తేల్చుకోవలసిన లెక్క. సముద్రమట్టం దగ్గర ఘనపు మీటరు గాలి బరువు సుమారు 1.225 కిలోలు. అయిదు వేల మీటర్ల ఎత్తున అది 0.736 కిలోలకు, అంటే 60 శాతానికి పడిపోతుంది. విమానం బరువు మాత్రం తగ్గదు. అదే రెక్కతో అంతే బరువును మోయాలంటే విమానం సుమారు 29 శాతం ఎక్కువ వేగంతో వెళ్లాలి. ఖరగ్‌పుర్ మైదానంలో గంటకు 36 కిలోమీటర్ల వేగంతో గాలిలో నిలిచే విమానం దౌలత్ బేగ్ ఓల్డీలో 46 కిలోమీటర్లకు తగ్గితే కింద పడుతుంది. దిగేటప్పుడు అది నేలను తాకే గతిశక్తి సుమారు మూడింట రెండు వంతులు పెరుగుతుంది. అక్కడి నేలేమో పచ్చిక కాదు, రాళ్ల గుట్ట.

వేగం పెంచడం ఇష్టం లేకపోతే రెక్క వైశాల్యాన్ని పెంచవచ్చు. అదే వేగానికి 66 శాతం పెద్ద రెక్క కావాలి. పెద్ద రెక్క బరువు పెంచుతుంది. పైగా కనుమల్లో హోరున వీచే ఈదురుగాలి పెద్ద రెక్కను గాలిపటంలా ఎగరేసి కొడుతుంది. అలాగని నెమ్మదైన విమానం చేస్తే మరో చిక్కు. ఎదురుగాలి వేగం విమాన వేగాన్ని మించిన క్షణం నుంచి అది ముందుకు వెళ్తున్నాననుకుంటూ వెనక్కి పోతుంటుంది. ఒకటి సర్దితే మరొకటి సడలుతుంది. ఎంత రెక్క, ఎంత వేగం, ఎంత బరువు అన్నదానికి పుస్తకంలో ఒకే జవాబు దొరకదు. ఏ కొండ మీద, ఏ రుతువులో, ఏ పనికి అన్నది తెలిసినవాడే జవాబు చెప్పగలడు.

ప్రొపెల్లర్ సంగతి చూద్దాం. అది గాలిని వెనక్కి నెట్టి విమానాన్ని ముందుకు తోస్తుంది. నెట్టడానికి గాలే తక్కువైతే అదే చుట్ల వేగంలో తోపు కూడా 60 శాతానికి జారుతుంది. మునుపటి తోపు కావాలంటే 29 శాతం వేగంగా తిప్పాలి, లేదా పెద్ద ప్రొపెల్లర్ పెట్టాలి. రెండింటిలో ఏది చేసినా మోటార్ మీద భారం పెరుగుతుంది. ఇక్కడే కొత్తవారు బోల్తా పడతారు. బయట సున్నాకు దిగువన 17 డిగ్రీల చలి ఉంటే మోటార్ చల్లగానే ఉంటుందనుకుంటారు. కానీ వేడిని మోసుకుపోవలసిన గాలి పలచబడింది కాబట్టి చలిలోనూ మోటారూ, దాన్ని నడిపే విద్యుత్ పరికరమూ మాడిపోయే ప్రమాదం ఉంది. అదే సమయంలో బ్యాటరీ గడ్డకట్టుకుపోతుంది. చలికి లిథియం బ్యాటరీ లోపలి రసాయన చర్య మందగించి, అది ఇవ్వగల శక్తి బాగా పడిపోతుంది. గడ్డకట్టే చలిలో చార్జింగ్ పెడితే శాశ్వతంగా దెబ్బతింటుంది. అంటే ఒకే విమానంలో ఒక భాగాన్ని చల్లబరచాలి, మరో భాగాన్ని కంబళిలో చుట్టాలి.

మిగిలింది రేడియో. మైదానంలో 120 మీటర్ల ఎత్తున ఎగిరే విమానానికి దిగంతం దాదాపు 39 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. అడ్డేమీ లేకపోతే సంకేతం అంత దూరం వెళ్లగలదు. కొండల్లో విమానం రెండు కిలోమీటర్ల దూరంలోని గట్టు దాటగానే సంకేతం తెగుతుంది. ఆ గట్టు అవతలికి వెళ్లడమే దాని పని అయినప్పుడు రిమోట్ మీద ఆధారపడటం కుదరదు. తీగ తెగిన గాలిపటం కొట్టుకుపోతుంది. సంకేతం తెగిన విమానం తనంతట తాను తిరిగి రావాలి. శత్రువు ఉపగ్రహ సంకేతాలను కూడా చెరిపేస్తే, కింది నేలను చూసి దారి పోల్చుకోవాలి. రేడియో నియంత్రిత విమానం అన్న మాట అక్కడ అర్థం మార్చుకుంటుంది. నియంత్రణ చేతిలోని పెట్టె నుంచి విమానం లోపలికి మారుతుంది.

ఇంకా పైకి, 20 కిలోమీటర్ల ఎత్తుకు వెళితే గాలి ఏడు శాతమే మిగులుతుంది. అక్కడ నిలవాలంటే నేల దగ్గరికంటే 3.7 రెట్ల వేగం కావాలి. రెక్క మీద గాలి అంటిపెట్టుకుని పారుతుందా, ముందే విడిపోతుందా అని సూచించే రేనాల్డ్స్ సంఖ్య మూడోవంతుకు పడిపోతుంది. నేల దగ్గర అద్భుతంగా పనిచేసిన రెక్క అక్కడ మొండి చెక్కలా ప్రవర్తిస్తుంది.

చరిత్ర చెప్పిన పాఠం

ఈ పాఠం ఖరగ్‌పుర్‌కు కొత్త కాదు. 1944లో అమెరికా తన సరికొత్త బీ-29 బాంబర్లను తెచ్చి దించింది ఈ చుట్టుపక్కలే. సలువా, దూద్‌కుండి, పియార్‌డోబా, చాకులియా రన్‌వేల నుంచి అవి ఎగిరేవి. వాటిని నడిపిన 20వ బాంబర్ కమాండ్ కార్యాలయం ఖరగ్‌పుర్‌లోని హిజ్లీలో ఉండేది. 1931 సెప్టెంబరు 16న ఇద్దరు స్వాతంత్ర్య యోధులను బ్రిటిష్ పోలీసులు కాల్చి చంపిన హిజ్లీ నిర్బంధ శిబిరం భవనమే అది. తర్వాత ఐఐటీ పుట్టింది కూడా అందులోనే.

బీ-29 ఎత్తున ఎగరడానికే పుట్టిన విమానం. లోపల గాలి పీడనాన్ని నిలిపే గదులు, పలుచని గాలిని నొక్కి ఇంజిన్‌కు అందించే టర్బోచార్జర్లు దానికి ఉన్నాయి. అయినా బెంగాల్ ఎండకు దాని ఇంజిన్లు నేల మీదే వేడెక్కి మంటలంటుకునేవి. ఎత్తు కోసం చేసిన విమానం ఎత్తుకు చేరకముందే ఓడిపోయిన సందర్భాలు అనేకం. ఇక్కడి నుంచి హిమాలయాలు దాటి చైనాలోని చెంగ్దు చుట్టుపక్కల రన్‌వేలకు ఇంధనాన్ని కూడా ఆ విమానాలే మోసుకెళ్లవలసి వచ్చేది. జపాన్ మీద ఒక్క దాడికి ముందు కొండల మీదుగా అనేక ప్రయాణాలు తప్పేవి కావు. 1945 తొలి నెలల్లో ఆ దళాలు పసిఫిక్ దీవులకు తరలిపోయాయి. ఎత్తున ఎగిరే శక్తి ఒక్కటే చాలదు. అది బయలుదేరే నేల, తాగే ఇంధనం, బాగుచేసే చేతులు కూడా లెక్కలో ఉండాలని ఆ ఏడాది నేర్పింది.

చిన్న విమానాల చరిత్రా ఇదే చెబుతుంది. 1970లో అమెరికాకు చెందిన మేనార్డ్ హిల్ అనే లోహశాస్త్ర నిపుణుడు తన రేడియో నియంత్రిత మోడల్ విమానాన్ని 26,919 అడుగుల ఎత్తుకు పంపి ప్రపంచ రికార్డు నెలకొల్పారు. అప్పుడు నేటి చిప్‌లు లేవు, ఉపగ్రహ మార్గదర్శనం లేదు. అదే హిల్ బృందం 2003 ఆగస్టులో అయిదు కిలోలైనా లేని బాల్సా చెక్క విమానాన్ని కెనడా తీరం నుంచి ఐర్లండ్ వరకు అట్లాంటిక్ దాటించింది. 38 గంటల 52 నిమిషాల ఆ ప్రయాణానికి ముందు ఏళ్ల తరబడి విఫల యత్నాలు ఉన్నాయి. ఒక విరామ కాలక్షేపం శాస్త్రంగా ఎదగడానికి అవసరమైంది డబ్బు కంటే ఎక్కువగా ఓపిక, మళ్లీ మళ్లీ ఎగరేసి చూసే స్వేచ్ఛ.

పెద్ద సంస్థలకూ మినహాయింపు లేదు. నాసా వారి హీలియోస్ అనే సౌర విమానం 2001 ఆగస్టులో 96,863 అడుగుల ఎత్తుకు చేరి ప్రపంచాన్ని అబ్బురపరచింది. 2003 జూన్ 26న అదే విమానం హవాయి తీరంలో గాలి ఒడుదొడుకులకు రెక్కలు వంగి, ముక్కలై సముద్రంలో పడింది. నాసా ఆ ప్రమాదాన్ని దాచలేదు. కారణాలన్నీ నివేదికగా వెలువరించింది. ఎయిర్‌బస్ సంస్థకు చెందిన జెఫైర్ సౌర విమానం 2022లో 64 రోజులు ఆకాశంలోనే ఉండగలిగిందంటే, ఈ రంగంలో ముందు విరిగిన రెక్కలన్నీ దారి చూపినందువల్లే.

మన ఖాతాలో ఏముంది?

మనమూ చేతులు ముడుచుకు కూర్చోలేదు. బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ 2024 ఫిబ్రవరిలో కర్ణాటకలోని చళ్లకెరె వద్ద సౌరశక్తితో నడిచే చిన్న నమూనా విమానాన్ని ఎగరేసింది. దాని రెక్కల నిడివి సుమారు 12 మీటర్లు, బరువు 23 కిలోల లోపే. అది మూడు కిలోమీటర్ల ఎత్తున ఎనిమిదిన్నర గంటలు ఎగిరింది. 20 కిలోమీటర్ల ఎత్తున నెలల తరబడి నిలిచే 30 మీటర్ల రెక్కల విమానం ఆ సంస్థ లక్ష్యం. 2025 మే 3న డీఆర్‌డీవో మధ్యప్రదేశ్‌లోని శ్యోపుర్ నుంచి ఎగరేసిన ఎయిర్‌షిప్ 17 కిలోమీటర్ల ఎత్తుకు చేరింది.

చేదు అనుభవమూ ఉంది. 30 వేల అడుగుల ఎత్తున 24 గంటలు ఎగరాలన్న సైన్యం షరతుతో మొదలైన తపస్ మానవ రహిత విమానం 28 వేల అడుగులు, 18 గంటల దగ్గర ఆగిపోయిందని, దాన్ని అత్యవసర ప్రాజెక్టుల జాబితా నుంచి తప్పించారని 2024 జనవరిలో వార్తలు వచ్చాయి. అనుకున్నదానికంటే బరువు పెరగడం, దానికి తగిన ఇంజిన్ లేకపోవడం దాన్ని కిందికి లాగాయి. చివరి రెండు వేల అడుగులే కదా అని తేలిగ్గా అనిపిస్తుంది. పలుచని గాలిలో ఆఖరి మెట్టే అన్నింటికంటే నిటారుగా ఉంటుంది.

విద్యార్థుల పని సరిహద్దు దాకా చేరగలదనడానికి రుజువూ మన దగ్గరే ఉంది. ఐఐటీ బొంబాయి విద్యార్థులు ప్రారంభించిన ఐడియాఫోర్జ్ సంస్థ తయారు చేసిన డ్రోన్‌ను 2009లో వచ్చిన 'త్రీ ఇడియట్స్' సినిమాలో ప్రేక్షకులు చూశారు. గల్వాన్ ఘటన తర్వాత 2021 జనవరిలో ఎత్తయిన ప్రాంతాల కోసం అదే సంస్థ నుంచి నిట్టనిలువునా లేచి రెక్కలతో ఎగిరే స్విచ్ విమానాలను సైన్యం కొనుగోలు చేసింది. ఒప్పందం విలువ సుమారు రెండు కోట్ల డాలర్లు. కాలేజీ బల్ల నుంచి కొండ గట్టుకు పుష్కరకాలం పట్టింది. ఆ దారిని ఇతరులకు అయిదేళ్లకు కుదించగలమా అన్నదే అసలు ప్రశ్న.

దారికి అడ్డు పడుతున్నవి మూడు. మొదటిది విడి భాగాలు. 2022 ఫిబ్రవరిలో కేంద్రం విదేశీ డ్రోన్ల దిగుమతిని నిషేధించింది, విడి భాగాలకు మాత్రం తలుపు తెరిచే ఉంచింది. ఆ తలుపు గుండా ఏం వచ్చిందో 2025 ఫిబ్రవరిలో తేలింది. చైనా భాగాలు ఉన్నాయన్న కారణంతో 400 సరకు రవాణా డ్రోన్ల ఒప్పందాలను సైన్యం రద్దు చేసింది. వాటి విలువ 230 కోట్ల రూపాయల పైచిలుకు. చైనా సరిహద్దు మీద ఎగిరే విమానానికి చైనా మెదడు పెట్టడం కంచెగా దొంగనే నిలబెట్టడం లాంటిది. అది చాలదన్నట్టు 2025 ఏప్రిల్‌లో అరుదైన ఖనిజాల అయస్కాంతాల ఎగుమతి మీద చైనా ఆంక్షలు పెట్టింది. మోటార్ గుండె ఆ అయస్కాంతమే. విశాఖపట్నంలో ఏడాదికి మూడు వేల కిలోల సామర్థ్యం గల అయస్కాంతాల కర్మాగారాన్ని 2023 మేలో జాతికి అంకితం చేసుకున్నాం. 2025 నవంబరులో కేంద్ర మంత్రివర్గం 7,280 కోట్ల రూపాయలతో అయస్కాంతాల తయారీ పథకాన్ని ఆమోదించింది. ఆ పథకం ఫలం చిన్న మోటార్లు చుట్టే చిన్న సంస్థల దాకా చేరాలి.

రెండోది పరీక్షించే చోటు. కర్నూలు జిల్లా ఓర్వకల్లు దగ్గర డీఆర్‌డీవో పరీక్షా క్షేత్రం ఉంది. 2025 ఏప్రిల్‌లో లేజర్ కిరణంతో చిన్న విమానాన్ని కూల్చి చూపింది అక్కడే. డ్రోన్ నుంచి వదిలే క్షిపణిని జులైలో పరీక్షించిందీ అక్కడే. అది తెలుగు నేలకు గర్వకారణం. కానీ కర్నూలు గాలి కర్నూలు గాలే, కారాకోరం గాలి కాదు. ఎత్తున పరీక్షించే అవకాశం చిన్నవారికి అరుదుగా వస్తుంది. 2024 సెప్టెంబరులో లేహ్ సమీపంలోని వారీ లా వద్ద నాలుగు నుంచి అయిదు వేల మీటర్ల ఎత్తున సైన్యం నిర్వహించిన హిమ్-డ్రోన్-అ-థాన్‌లో 20కి పైగా సంస్థలు పాల్గొన్నాయి. అది జరిగింది రెండే రోజులు. తిరునాళ్లలో మల్లయుద్ధం చూసి మెచ్చుకోవచ్చు, మల్లులు తయారయ్యేది మాత్రం రోజూ కసరత్తు చేసే గోదాలోనే.

మూడోది అనుమతి. 2021 ఆగస్టు 25 నాటి డ్రోన్ నిబంధనలు గత నిబంధనల కంటే ఎంతో ఉదారమైనవి. విద్య, పరిశోధనల కోసం కనుచూపు మేరలో ఎగరేసే 25 కిలోల లోపు మోడల్ విమానాలకు టైప్ సర్టిఫికెట్ అక్కర్లేదు. పచ్చ మండలంలో 400 అడుగుల వరకు అడ్డులేదు. అయితే విమానాశ్రయ ప్రహరీ నుంచి ఎనిమిది, పన్నెండు కిలోమీటర్ల మధ్య 200 అడుగులే హద్దు. ఎనిమిది కిలోమీటర్ల లోపు నేల నుంచే అనుమతి కావాలి. కలైకుండ పక్కనున్న పట్టణంలో పిల్లలకు ఈ హద్దులు తప్పవు, తప్పకూడదు కూడా. 2025 సెప్టెంబరులో పౌర విమానయాన శాఖ కొత్త డ్రోన్ బిల్లు ముసాయిదాను అభిప్రాయ సేకరణకు పెట్టింది. చట్టం తుది రూపంలో పరిశోధనకు, విద్యకు ఉన్న వెసులుబాటు ఒక్క అంగుళం కూడా తగ్గకూడదు.

భద్రతా, భవిష్యత్తూ

దీనికి ఎదురయ్యే అభ్యంతరం బలమైనదే. యుద్ధ విమానాల స్థావరం పక్కన కుర్రకారు చేతుల్లో ఎత్తుకు ఎగిరే విమానాలు పెట్టడం నిప్పుతో చెలగాటం కాదా? ఒక చిన్న విమానం ఇంజిన్‌లోకి వెళ్తే కోట్ల విలువైన యుద్ధ విమానం, అంతకంటే విలువైన పైలట్ ప్రాణం పోవచ్చు. పంజాబ్ సరిహద్దులో ఆయుధాలు, మాదకద్రవ్యాలు జారవిడుస్తున్నవీ డ్రోన్లే. ఈ భయాన్ని కొట్టిపారేయలేం. ఇంటి డాబా మీద నుంచి ఇష్టమొచ్చినట్టు ఎగరేసుకోమని ఎవరూ అనరు.

కానీ నిషేధం భద్రతను ఇవ్వదు. చాటుగా ఎగరేసేవాడు ఎలాగూ ఎగరేస్తాడు. నియమం పాటించేవాడే మానుకుంటాడు. అంతకంటే మేలైన పద్ధతి మన దగ్గర ఉన్నదే. ఎన్‌సీసీ వైమానిక విభాగంలో మోడల్ విమానాల తయారీ, పోటీలు ఎన్నో ఏళ్లుగా సాగుతున్నాయి. హద్దు గీసిన మైదానం, కేటాయించిన వేళలు, పక్కన వైమానిక దళ పర్యవేక్షకుడు, ప్రతి విమానానికీ గుర్తింపు సంఖ్య... ఇవి ఉంటే స్థావరం పక్కన ఉండటం అడ్డంకి కాదు, ఆసరా అవుతుంది. ఆకాశంలో ఎవరు ఎప్పుడు ఉన్నారో కలైకుండ రాడార్‌కు తెలిసినంతగా మరెవరికి తెలుస్తుంది?

కేంద్ర రక్షణ శాఖ చేయదగినవి స్పష్టంగానే కనిపిస్తున్నాయి. వారీ లా లాంటి చోట ఏటా రెండు రోజుల ప్రదర్శనతో సరిపెట్టకుండా, మే నుంచి అక్టోబరు దాకా తెరిచి ఉండే శాశ్వత పరీక్షా క్షేత్రం ఏర్పాటు చేయాలి. కాలేజీలకు, చిన్న సంస్థలకు అందులో నామమాత్రపు రుసుముతో వంతు కేటాయించాలి. అంతదూరం వెళ్లలేని వారి కోసం పీడనాన్ని, ఉష్ణోగ్రతను అయిదు వేల మీటర్ల ఎత్తు స్థాయికి తగ్గించి చూపే పరీక్షా గదులను ఐఐటీల్లో బయటివారికీ తెరవాలి. ఖరగ్‌పుర్‌లోనే మోటారునూ బ్యాటరీనీ మాడ్చి చూసుకుంటే లేహ్ దాకా వెళ్లి మాడ్చుకునే ఖర్చు తగ్గుతుంది. కొనుగోలు షరతుల్లో కాగితం మీది గరిష్ఠ ఎత్తును కాక, ఆ ఎత్తున, ఆ చలిలో, ఆ గాలిలో ఎన్నిసార్లు ఎగిరి క్షేమంగా తిరిగొచ్చిందన్న లెక్కను అడగాలి. ప్రభుత్వ సొమ్ముతో చేసిన ప్రయోగం విఫలమైతే, రహస్యాలు పోను మిగిలిన కారణాలను అందరికీ చెప్పాలి. తపస్ ఎక్కడ తడబడిందో తెలిస్తే పది మంది కొత్తవారు ఆ గోతిలో పడరు.

చివరిగా మనుషులు. రూపకల్పన అంటే కంప్యూటర్ తెర మీద గీత ఒక్కటే కాదు. రెక్క లోపలి పక్కటెముకను గ్రాము తేడా లేకుండా కోసేవాడు, మోటార్‌కు తీగ చుట్టేవాడు, విరిగిన ముక్క చూసి ఏ బోల్టు ముందు సడలిందో చెప్పగలిగేవాడు కావాలి. ఐటీఐ, డిప్లొమా చదివిన అలాంటి యువకులు ఖరగ్‌పుర్ లాంటి రైల్వే పట్టణాల్లో ఉన్నారు. ఐఐటీ ప్రహరీకి లోపల లెక్క ఉంది, బయట చేతిపని ఉంది, పక్కనే ఆకాశం తెలిసిన వైమానిక దళం ఉంది. ఈ మూడింటినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టే చిన్న కేంద్రానికి అయ్యే ఖర్చు, విదేశాల నుంచి కొనే ఒక్క పెద్ద విమానం ధరలో ఎన్నో వంతూ ఉండదు.

రైలు ఇంజిన్‌ను విప్పి బిగించిన తాతల ఊరిలో మనవడు విమానం చేస్తానంటే ఆకాశానికి నిచ్చెన వేస్తున్నాడని నవ్వేవారు ఉండవచ్చు. ఆ విమానం అయిదు వేల మీటర్ల ఎత్తున గట్టు దాటి, సంకేతం తెగినా దారి తప్పకుండా, మంచులో కాపలా కాస్తున్న సైనికుడి చేతికి తిరిగొచ్చిన రోజున ఆ నవ్వు ఆగిపోతుంది. ఎత్తుకు ఎగిరే శక్తి ఆకాశం నుంచి ఊడిపడదు. అది వర్క్‌షాపు బల్ల మీద, పరీక్షా మైదానంలో, విరిగిన రెక్కల కుప్పలో పుడుతుంది. ఆ నేలను సిద్ధం చేయకుండా హిమాలయాల మీద ఆధిపత్యం గురించి మాట్లాడటం నేల విడిచి సాము చేయడమే అవుతుంది.